నల్లగొండల బటన్ కారు క్లాసు చెప్పించుకున్న, గిది నా రివ్యూ

ముందుగాల్నే చెప్తున్న, ఇది లైసెన్స్ కోసం పోయే డ్రైవింగ్ స్కూలు రివ్యూ కాదు. కారు నడపొచ్చి, ఇన్నేండ్లు తాళం తిప్పే బండి నడిపి, ఇప్పుడు కొత్తగ బటన్ ఒత్తి చాలు చేసే బండి తీసుకున్నోళ్ళు ఉంటరు సూడు, వాళ్ళ కోసం నల్లగొండల ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ సార్ ఇంటికొచ్చి మన బండి మీదనే చెప్పే క్లాసు ఇది. పేరూ నంబరూ అడగకుండ్రి, ఇప్పుడున్నోళ్ళకే టైం సరిపోతలేదు ఎక్కడా పెట్టకు బిడ్డా అన్నడు, అందుకే రాస్తలేను. ఆర్టీఏ ఆఫీసు దిక్కు ఏజెంట్లను అడిగితే చెప్తరు, నాకు గూడ అట్లనే దొరికిండు.

ఒక్క ముక్కల చెప్పాల్నంటే పైసా వసూల్. 5కు 4 ఇస్త. ఆ ఒక్కటి ఎందుకు కోసిన్నో కింద రాసిన.

అసలు బటన్ ఒత్తుడుకు గూడ క్లాసా అని మా మరిది మస్తు నవ్విండు. నవ్వేటోళ్ళు నవ్వనీ. బండి డెలివరీ ఇచ్చేనాడు షోరూమ్ పిలగాడు ఏం చెప్పిండంటే, ఫోన్ బ్లూటూత్ కలిపిండు, సన్‌రూఫ్ తెరిచి మూసిండు, అంత పెద్ద అట్ట తాళం మా చేతుల పెట్టి ఫోటో తీసిండు, కేక్ కోపిచ్చిండు, స్టార్టింగ్ దగ్గరికొచ్చేసరికి "మేడం బ్రేక్ ఒత్తుడు బటన్ ఒత్తుడు అంతే" అని సగం నిమిషంల ఖతం చేసిండు. అబద్ధమేం కాదు, బండి బాగున్నన్ని రోజులు అంతే. కానీ బటన్ ఒత్తినంక బండి చాలు కాకుంటే ఏంది, మీటర్ల ఎర్ర లైటు ఆరకుంటే ఏంది, తాళం లోపల బ్యాటరీ అయిపోతే ఏంది, బండి బంద్ అయిందో లేదో ఎట్ల తెల్వాలె, ఇవేం చెప్పలే. ఆ పిలగాణ్ని అనుకునేదేం లేదు, వాని ముంగట ఇంకో నలుగురు డెలివరీ కోసం నిలబడి ఉన్నరు.

సార్ క్లాసు ఎట్లుంటదంటే మొదలు బండిల ఎక్కనియ్యడు. చుట్టూ తిరగమంటడు. టైర్లు సూడు, కింద ఆయిలో నీళ్ళో కారినయా సూడు, కుక్క పండుకున్నదేమో వంగి సూడు, బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టు అంటడు. మాది ఊరి చివరి కాలనీ, గోడ అవతల వరి పొలమే, కోతలు అయినంక ఎలుకలన్నీ ఇండ్లల్లకు, బండ్లల్లకు వస్తయ్, వెచ్చగ ఉంటదని ఇంజన్ కాడ చేరి వైర్లు కొరుకుతయ్. చలికాలం పిల్లులు గూడ అంతే. దెబ్బ కొడితే అవి దిగి ఉరుకుతయ్, లేకుంటే ఇంజన్ తిరిగేటప్పుడు బెల్టుల పడి చస్తయ్, మన బండి గూడ పాడైతది. ఇది ఏ వీడియోల చెప్పినా చెప్పకున్నా మన దిక్కు పల్లెలల్ల ఉన్నోళ్ళకు శానా అవసరం.

ఎక్కినంక సీటు. చాలు చేసినంక సీటు ముందుకు ఎనకకు జరుపుకునే అలవాటు మనల శానమందికి ఉన్నది, సార్ దాన్ని బిల్‌కుల్ ఒప్పుకోడు. బటన్ బండ్లకు బ్రేక్ గట్టిగ తొక్కితెనే ఇంజన్ తిరుగుతది, మాన్యువల్ అయితే క్లచ్ అడుగు దాకా తొక్కాలె. సీటు దూరం ఉంటే కాలు సగమే అందుతది, అప్పుడు ఇంజన్ తిరగది, మీటర్ల బ్రేక్ తొక్కు అని వస్తది, మనం ఏమో బండి ఖరాబైందని పరేషాన్ అయితం. ఇంకో ముచ్చట చెప్పిండు, అది నాకు అస్సలు తెల్వదు. ఇంజన్ బంద్ ఉన్నప్పుడు బ్రేక్ రెండు మూడు సార్లు తొక్కితే పెడల్ రాయి లెక్క గట్టి పడతది, ఎందుకంటే బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ అయిపోతది. కొన్ని రోజులు బండి తీయకుండ పెట్టినా అట్లనే అయితది. అప్పుడు మెల్లగ తొక్కితే బండి ఒప్పుకోదు, జర బలం పెట్టి తొక్కాలె. తొక్కి పట్టుకొని బటన్ ఒత్తితే ఇంజన్ చాలు కాంగనే పెడల్ జర కిందికి దిగుతది, అట్ల దిగుడే మంచిదంట, బ్రేక్ బూస్టర్ పనిచేస్తున్నదని గుర్తు.

తర్వాత బటన్. నాకు నచ్చింది ఇక్కడనే. బ్రేక్ తొక్కకుండ బటన్ ఒక్కసారి ఒత్తు అన్నడు, పాటలు వచ్చినయ్. మళ్ళ ఒత్తు అన్నడు, మీటర్ మొత్తం వెలిగింది. మళ్ళ ఒత్తితే అంత బంద్. పాత తాళంల మూడు గడులు ఉండె కదా, అవే ఇవి, కాకపోతే అప్పుడు తాళం ఏ గడిల ఉన్నదో చెయ్యికి తెలుస్తుండె, ఇప్పుడు కండ్లతోని సూసి తెలుసుకోవాలె అన్నడు. శాన బండ్లల్ల లెక్క గిదే, కొన్నింట్ల మొదటి గడి ఉండదు, బండి పుస్తకంల ఉంటది. రెండో గడిల పెట్టి గట్లనే మర్చిపోతే ఇంజన్ తిరగకున్నా బ్యాటరీ మాత్రం తాగుతనే ఉంటది. పిల్లలు కూసొని పాటలు పెట్టుకున్నరంటే తెల్లారి బండి లేవది.

ఆ రెండో గడిలనే మీటర్ల లైట్లన్నీ ఒక్కసారి వెలుగుతయ్ కదా, అది బండి తనను తాను సూసుకునే టైం. సార్ ఒక్కొక్క బొమ్మ మీద వేలు పెట్టి అడిగిండు, గిదేంది గదేంది అని, మా అత్తమ్మ ఎనక సీట్ల కూసొని నాకంటే ముందుగాల చెప్తున్నది. ఎయిర్‌బ్యాగ్ లైటు, ఏబీఎస్ (గట్టి బ్రేకుకు చక్రాలు బిగుసుకపోకుండ సూసేది) లైటు వెలిగి కొన్ని సెకన్లల్ల ఆరిపోవాలె. ఇంజన్ బొమ్మ, బ్యాటరీ బొమ్మ, ఆయిల్ డబ్బా బొమ్మ మాత్రం ఇంజన్ చాలు అయ్యేదాక ఉంటయ్, చాలు అయినంక పోవాలె. అన్నిట్ల మోపైంది ఆ ఎర్ర ఆయిల్ డబ్బా. ఇంజన్ తిరిగినంక గూడ అది ఆరకుంటే ఇంటి దాక పోయి సూద్దాం అనొద్దు, అక్కడికక్కడ బంద్ చేయాలె, ఆయిల్ ప్రెషర్ లేకుండ ఇంజన్ తిరిగితే లోపల రాసుకపోయి మొత్తానికే పోతది. అసలు ఏ లైటు వెలగనే లేదనుకో, అది గూడ మంచిగ లేదనే అర్థం, బల్బు పోయిందో, వైరు పోయిందో, ఎవరన్న పీకిర్రో. సెకండ్ హ్యాండ్ బండి కొనేటోళ్ళు ఇది జర గుర్తు పెట్టుకోండ్రి. ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలగకపోతే ఆ బండి ఎనక ఏదో కథ ఉన్నట్టే.

డీజిల్ బండి అయితే స్ప్రింగ్ బొమ్మ ఒకటి వస్తది, లోపల వేడెక్కే ప్లగ్గుల గుర్తు. తాళం బండ్లల్ల అది ఆరేదాక మనం ఆగాలె, బటన్ బండ్లల్ల శాన వరకు బండే ఆగి తిప్పుకుంటది, మనం బ్రేక్ మీదికెళ్ళి కాలు తీయకుంటే చాలు. మాది పెట్రోల్ కాబట్టి దీని మీద ఎక్కువ అడగలే.

ఇంగ అసలు చాలు చేసుడు. గేరు పీ ల, అంటే పార్కింగ్‌ల ఉన్నదా, చేతి బ్రేక్ ఉన్నదా, బెల్టు పెట్టుకున్నమా సూసుకొని, బ్రేక్ గట్టిగ తొక్కి బటన్ ఒక్కసారి ఒత్తి ఇడిసిపెట్టాలె. కొన్ని బండ్లల్ల బ్రేక్ తొక్కంగనే బటన్ మీది లైటు పచ్చగ అయితది, రెడీ అని. ఇడిసిపెట్టుడు మెయిన్. మనకు తాళం తిప్పి పట్టుకునే అలవాటు కదా, బటన్‌ను గూడ గట్లనే అదిమి పట్టుకుంటం. అవసరం లేదు, ఎంతసేపు తిప్పాలె ఎప్పుడు ఆపాలె అనేది కంప్యూటరే సూసుకుంటది. ఎక్సలేటర్ మీద కాలు పెట్టొద్దు, అస్సలు పెట్టొద్దు. పాత మారుతి 800ల కార్బురేటర్ ఉండె, చలికాలం పొద్దున చోక్ గుంజి, ఎక్సలేటర్ రెండు సార్లు కొట్టి, దండం పెట్టుకొని తిప్పేది. ఇప్పటివన్నీ ఇంజెక్షన్ బండ్లు, పెట్రోల్ ఎంత పోవాలె అనేది సెన్సార్లు లెక్క కడతయ్. మనం కాలు పెట్టి చేసేదేం లేదు.

చాలు కాకుంటే వెంట వెంట ఒత్తుడు గూడ వద్దన్నడు. పదిహేను ఇరవై సెకన్లు ఆగి, గేరు సూసి, కాలు సూసి, తాళం బండిలనే ఉన్నదా సూసి, అప్పుడు ఇంకోసారి. మీటర్ల కారు బొమ్మ మీద తాళం గుర్తు మెరుస్తుంటే బండి తాళాన్ని గుర్తు పట్టలేదని లెక్క. స్టీరింగ్ లాక్ పడి ఉంటే స్టీరింగ్‌ను మెల్లగ అటిటు కదుపుకుంట బటన్ ఒత్తాలె.

ఇప్పుడు నాకూ సార్‌కూ పడనిది. పొద్దున పూట 5 నిమిషాలు ఇంజన్ ఊకె తిరగనియ్యాలె అంటడు. నేను బండి పుస్తకం తీసి సూపెట్టిన, సదివిన తర్వాతనే కూసున్న కదా. ఇప్పటి ఇంజన్లకు అంత సేపు వద్దు, చాలు కాంగనే ఆర్‌పీఎం, అంటే ఇంజన్ తిరిగే స్పీడు, జర ఎక్కువ ఉంటది, అర నిమిషం ఆగితే దిగుతది, అప్పుడు మెల్లగ కదిలిచ్చి మొదటి రెండు మూడు కిలోమీటర్లు గట్టిగ రేస్ ఇయ్యకుండ పోతే సరిపోతది. నిలబెట్టి తిప్పితే ఇంజన్ వేడెక్కుడే లేటు, పెట్రోల్ దండుగ, పొగ దండుగ. నల్లగొండల చలి గూడ ఎంత, మనదేమన్న కాశ్మీరా. కొన్ని బండ్లల్ల నీలం రంగు టెంపరేచర్ లైటు ఉంటది, ఇంజన్ ఇంకా చల్లగున్నదని గుర్తు, అది ఆరేదాక నెమ్మదిగ పోతే అయిపాయె. సార్ అంత ఇని "నీ బండి నీ ఇష్టం బిడ్డా, నేను డిపోల నేర్సుకున్నది చెప్పిన" అన్నడు. డిపోల పొద్దున నాలుగు గంటలకు బస్సులు చాలు చేసి ఉంచేది ఎందుకంటే వాటికి బ్రేకులు గాలి మీద నడుస్తయ్, గాలి నిండాలె గదా. కారుకు ఆ పని లేదు. ఏసీ బంద్ పెట్టి చాలు చేయమనేది గూడ పాత లెక్కనే, ఇప్పటి బండ్లు స్టార్టింగ్ అప్పుడు ఏసీ కంప్రెసర్‌ను వాటంతట అవే ఆపుకుంటయ్, అయితే బంద్ పెట్టినా నష్టమేం లేదు.

ఎండకాలం సంగతి మాత్రం సార్ చెప్పిందే కరెక్ట్. మే నెలల మన దగ్గర 44, 45 డిగ్రీలు, బండి గంట సేపు ఎండల ఉంటే లోపల కుంపటే. ఎక్కంగనే ఏసీ ఫుల్లు పెట్టుడు కాదు, నాలుగు అద్దాలు దించి, కొంచెం దూరం పోయి వేడి గాలి బయటికి పోయినంక ఏసీ. బ్యాటరీలు గూడ చలికంటే మన ఎండకే జల్ది పోతయ్.

తాళం ముచ్చటకు వస్త. స్మార్ట్ కీ అంటే ఏందో అనుకుంటం, లోపల చిన్న రేడియో, రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటది, శాన వాటిల్ల సీఆర్ 2032. బండి సన్నగ ఒక సిగ్నల్ పంపి నువ్వు ఉన్నవా అని అడుగుతది, తాళం ఉన్న అంటది, అప్పుడే బటన్ పనిచేస్తది. ఆ బిళ్ళ అయిపోతే బండి ముంగట నిలబడి ఎంత ఒత్తినా డోర్ తెరుసుకోదు. సార్ నా తాళం తీసుకొని పక్కకున్న చిన్న మీట గుంజిండు, లోపలికెళ్ళి మామూలు ఇనుప తాళం చెవి బయటికి వచ్చింది, కొన్న కాన్నుంచి అది లోపల ఉన్నదని మా ఇంట్ల ఎవ్వలికి తెల్వదు. దానితోని డోర్ తెరిచి, ఆ సచ్చిన తాళాన్నే బటన్‌కు ఆనిచ్చి ఒత్తితే బండి చాలు అయితది, బిళ్ళ పూర్తిగ పోయినా సరే. కొన్ని బండ్లల్ల బటన్‌కు కాదు, వేరే జాగా ఉంటది, గేరు కాడనో కప్పు పెట్టే కాడనో. మన బండిది ఎక్కడో ముందుగాల్నే సూసి పెట్టుకోవాలె, సాగర్ రోడ్డు మీద రాత్రి పూట టార్చి పెట్టి ఎతుకుడు కాదు. ఇది ఒక్కటి నేర్సుకున్నందుకే నా ఫీజు వసూల్ అయింది.

ఇంకో డేంజర్ ఏందంటే బండి చాలు అయినంక తాళం బండిల లేకున్నా ఇంజన్ బంద్ కాదు. నడిమిట్ల రోడ్డు మీద ఆగితే ప్రమాదం అని కావాల్ననే అట్ల చేసిర్రు, ఊకె బీప్ బీప్ అంటది, మీటర్ల తాళం లేదు అని వస్తది, అంతే. మహబూబ్‌నగర్ల మా ఆడబిడ్డ వాళ్ళింట్ల ఇదే అయింది. అన్నయ్య, అంటే ఆమె పెనిమిటి, జడ్చర్ల స్టేషన్ కాడ దిగిండు, తాళం ఆయన ప్యాంటు జేబుల ఉన్నది, ఆమె బీప్‌ను సీటు బెల్టుది అనుకొని బండి నడుపుకుంట మహబూబ్‌నగర్ పోయి కూరగాయల మార్కెట్ కాడ ఆపి బంద్ చేసింది. ఇంగ మళ్ళ చాలు కాలే. ఆయన రైలు ఎక్కిండు. రెండో తాళం ఇంట్ల బీరువల ఉంటే పక్కింటోళ్ళ పిలగాడు బండి మీద తెచ్చిచ్చిండు. సార్‌కు ఈ కథ చెప్తే నల్లగొండల గూడ ఇట్లాంటియి మస్తు ఉన్నయ్, డ్రైవర్ మారితే తాళం గూడ చేతులు మారాలె అన్నడు.

ఇంగ నిమ్మకాయలు. ఇది సార్ క్లాసుల అందరికంటే గట్టిగ చెప్పే పాఠం, నాకు తెలిసి ఏ షోరూమోళ్ళు చెప్పరు. మన దిక్కు కొత్త బండి అంటే చెర్వుగట్టుకో, ఊర్ల గుడికో పోయి పూజ చేపిచ్చి నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తం. పక్కకే నకిరేకల్, నిమ్మకాయలకు కొదువ లేదు. అది చేసే తీరు సూడుండ్రి: పంతులు ముంగట నిలబడతడు, ఫోన్ పట్టుకొని మరిది బంపర్ కాడ కూసుంటడు, పిల్లలు బానెట్ మీద చెయ్యి పెడతరు, స్టీరింగ్ మీద ఉన్నోళ్ళకు ఆటోమేటిక్ బండి గదే మొదటిసారి. తాళం, గేరు బండ్లు అయితే క్లచ్ ఇడిస్తెనే కదులుతయ్. ఆటోమేటిక్ బండి డీ ల, అంటే ముందుకు పోయే గేరుల పెట్టి బ్రేక్ మీదికెళ్ళి కాలు తీస్తే దానంతట అదే పాకుతది, ఎక్సలేటర్ తొక్కే పనే లేదు. కానీ నిమ్మకాయ మీద టైరు జర ఆగినట్టు అనిపిస్తది, కదుల్తలేదేమో అని కొత్తోళ్ళు ఎక్సలేటర్ తొక్కుతరు. అప్పుడు ముంగట ఎవ్వరుంటే వాళ్ళ పని అంతే. సార్ చెప్పే పద్ధతి ఏందంటే, ముంగట ఒక్క మనిషి ఉండొద్దు, అందరు పక్కకు నిలబడాలె, ఫోటో పక్కకెళ్ళి తీసుకోవాలె, ఇంజన్ చాలు చేసినంక కుడికాలు బ్రేక్ మీదనే పెట్టి డీ ల వేసి, చేతి బ్రేక్ తీసి, కాలు సగం పైకి లేపుడే, ఎక్సలేటర్ దిక్కు పోవద్దు. ఎడమ కాలుకు ఆటోమేటిక్ బండిల పనే లేదు, ఎనకకు పెట్టుకొని కూసోవాలె, క్లచ్ అనుకొని బ్రేక్ తొక్కితే బండి ఎగిరి పడ్డట్టు ఆగుతది. ఇంటి ముంగట ఖాళీ జాగల సార్ మా అత్తమ్మతోని నాలుగు నిమ్మకాయలు తెప్పిచ్చి మళ్ళ చేపిచ్చిండు. వాటితోని తర్వాత పులిహోర అయితదేమో అనుకున్న, అత్తమ్మ ఒప్పుకోలే.

బంద్ చేసుడు గూడ చాలు చేసుడంత పెద్ద పాఠమే. పూర్తిగ ఆగాలె, బ్రేక్ మీద కాలు ఉంచాలె, చేతి బ్రేక్ గుంజాలె, పీ ల పెట్టాలె, అప్పుడు బటన్. డీ ల ఉంచి బటన్ ఒత్తితే శాన బండ్లల్ల ఇంజన్ ఆగుతది గానీ కరెంటు మొత్తం ఆగది, మీటర్ మెరుసుకుంటనే ఉంటది, బ్యాటరీ పోతది, పైంగ పీ ల లేదు కాబట్టి జారుడు జాగల బండి పోతది. ఏఎంటీ బండ్లు (మామూలు గేరు బండే, క్లచ్చూ గేర్లూ మిషనే సూసుకుంటది) ఉన్నోళ్ళు ఇది వేరేగ సూసుకోవాలె, వాటిల్ల శాన వరకు పీ ఉండనే ఉండదు. న్యూట్రల్‌ల పెట్టి బ్రేక్ తొక్కి చాలు చేయాలె, ఆపినంక గేరుల ఉంచి చేతి బ్రేక్ గట్టిగ గుంజాలె. మా పక్కింటోళ్ళది ఏఎంటీనే, సార్ వాళ్ళకు వేరే చెప్పిండు.

సిగ్నల్ కాడ ఇంజన్ తనంతట తనే ఆగే బండ్లతోని జర పైలం. క్లాక్ టవర్ కాడ ఆగినం అనుకో, సప్పుడు బంద్ అయితది, బండి బంద్ అయిందనుకొని దిగొద్దు, అది బంద్ కాలే, పండుకున్నది అంతే, మీటర్ల గుర్తు ఉంటది. దిగేముందు బటన్ ఒత్తి మీటర్ మొత్తం నల్లగ అయిందా సూడాలె. పిల్లలను లోపల ఇడిసి, ఏసీ కోసం ఇంజన్ తిరగనిచ్చి దుకాణంలకు పోయేటోళ్ళు ఉన్నరు, రోజూ సూస్తం ప్రకాశం బజార్ల. చట్టం గూడ ఒప్పుకోదు, మోటారు వాహనాల చట్టం 1988ల 126 సెక్షన్ ఉన్నది, రోడ్డు మీద బండి ఆపితే డ్రైవర్ సీట్ల లైసెన్స్ ఉన్న మనిషన్న ఉండాలె, లేదంటే ఇంజన్ బంద్ చేసి బ్రేక్ వేసన్న ఉండాలె. చట్టం సంగతి పక్కకు పెట్టినా, లోపల తాళం ఉండి పిలగాడు బ్రేక్ తొక్కి బటన్ ఒత్తితే ఆ బండికి పిలగాడని తెల్వది.

ఒకవేళ నడిచే బండిల ఎక్సలేటర్ ఇరికి బండి ఆగకపోతే? బ్రేక్ గట్టిగ తొక్కి న్యూట్రల్‌ల వేయాలె, అది గూడ కాకుంటేనే బటన్‌ను ఇడవకుండ మూడు సెకన్ల దాకా ఒత్తి పట్టాలె, లేదంటే వెంట వెంట మూడు సార్లు కొట్టాలె, మన బండిది ఏ పద్ధతో పుస్తకంల ఉంటది. ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువు అయితది, బ్రేక్ గట్టి పడతది, అందుకే బ్రేక్ ఒక్కసారి తొక్కితే ఇడవొద్దు, పంపు కొట్టినట్టు కొట్టొద్దు. ఇది సార్ మాటలతోనే చెప్పిండు, నడిపి సూపెట్టలే, మంచిదే చేసిండు.

నూకుడు గురించి సార్‌ను కావాల్నని అడిగిన, ఎందుకంటే మా ఆయనకు బండి లేవకపోతే నలుగురిని పిల్సి నూకిచ్చే పిచ్చి ఉన్నది. ఆటోమేటిక్ బండి నూకితే లేవది, ఎంత దూరం నూకినా అంతే, చక్రాలు తిరిగితే ఇంజన్ తిరిగే లింకు వాటిల్ల ఉండది. బటన్ ఒత్తితే టక టక టక అని సప్పుడు వచ్చి లైట్లు సన్నగయితే అది బ్యాటరీ పని. ఇంకో బండి పక్కకు పెట్టి, రెండు బండ్లు బంద్ చేసి, ఎర్ర వైరు సచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు, నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కు, ఆఖరి కొస మాత్రం సచ్చిన బ్యాటరీకి కాదు, ఆ బండి ఇంజన్‌ల రంగు లేని ఇనుముకు, బ్యాటరీకి దూరంగ. నిప్పు రవ్వ వస్తే బ్యాటరీ కాడ గ్యాస్ ఉంటది కాబట్టి. మంచి బండి చాలు చేసి జర సేపు ఉంచి మనది చాలు చేయాలె, వైర్లు ఎట్ల పెట్టినమో దానికి ఉల్టా తీయాలె. మా ఆయన వీడియో తీసుకున్నడు. నూకుడు బంద్ అయితదో లేదో సూడాలె.

ఇంగ ఆ ఒక్క మార్కు ఎందుకు కోసిన అంటే, ఫోన్‌తోని ఇంట్లకెళ్ళే బండి చాలు చేసే యాప్‌ల గురించి సార్‌కు పట్టదు. మా బండికి ఆ యాప్ ఉన్నది, ఎండకాలం ఎక్కకముందే ఏసీ చల్లగ అయితదని పెట్టించుకున్నం. సార్ ఏమో గది నాకు తెల్వది అన్నడు. కానీ దానిల పెద్ద ప్రమాదం ఉన్నది, మూసిన షెడ్డుల, షట్టర్ దించిన జాగల ఇంజన్ తిరిగితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతది, దానికి వాసన ఉండది రంగు ఉండది, మనిషికి తెల్వకుండనే మగత వచ్చి పడిపోతడు. షెడ్డు తలుపు తెరవకుండ యాప్ ఒత్తొద్దు, ఇంజన్ తిరుగుకుంట ఏసీ పెట్టుకొని బండిల పండుకునుడు గూడ వద్దు. ఇది క్లాసుల ఉండాల్సింది, లేదు. ఎలక్ట్రిక్ బండ్ల గురించి గూడ అంతంతే, సప్పుడు రాదు, మీటర్ల రెడీ అని వస్తే బండి చాలు అయినట్టే, ఎక్సలేటర్ తగిలితే ఉరుకుతది, ఇంత మాత్రం చెప్పి ఇడిసిపెట్టిండు. ఈవీ ఉన్నోళ్ళు వేరే ఎవరినన్న సూసుకోండ్రి.

టైం గూడ సార్ చెప్పిందే టైం, పొద్దున ఆరు అంటే ఆరే, మనం ఐదు నిమిషాలు లేటు అయితే మోటర్ సైకిల్ తిప్పుకొని పోతడు. నడుమ నడుమ దేవరకొండ రూట్ల బస్సు కథలు మస్తు చెప్తడు, ఇనబుద్ధి అయితెనే కూసోండ్రి, లేకుంటే గేరు మీద చెయ్యి పెట్టి సార్ ఇదేంది అని అడగాలె, అప్పుడు మళ్ళ లైన్ల పడతడు. ఆడోళ్ళకు నేర్పేటప్పుడు ఎక్కిరిచ్చే మాట ఒక్కటి అనడు, అది నాకు మస్తు నచ్చింది, ఇంతకు ముందు లైసెన్స్ కోసం పోయిన కాడ గా ముచ్చట లేకుండె. ఫీజు స్కూళ్ళు తీసుకునేదాంట్ల సగం గూడ కాదు, పెట్రోల్ మనదే కదా.

ఎవరు పోవాలె అంటే, పదేండ్లు బండి నడిపినం మాకేంది అనుకునేటోళ్ళే ముందు పోవాలె, ఎందుకంటే చేతులకు పాత బండి అలవాట్లే ఉంటయ్. ఇంట్ల ఒక్కరికి కాదు, బండి ముట్టుకునేటోళ్ళందరు ఒక్కసారే కూసోండ్రి, సార్ మనిషికింత అని తీసుకోడు. పిలిచేటప్పుడు రెండు తాళాలు, బండితోని ఇచ్చిన పుస్తకం దగ్గర పెట్టుకోండ్రి. ప్లాస్టిక్ కవర్ సుత చింపకుండ ఆ పుస్తకం డ్యాష్‌బోర్డుల కనవడ్డదో, మొదటి పావుగంట తిట్లకే పోతది.